మామగారి గొంతు పట్టే డబ్బా

హలో, అందరికీ వినపడుతోందా? ఇవాళ కంప్యూటర్ల షాపులో, సగం ధరకు పెట్టిన హార్డ్ డిస్కుల దగ్గర, ఒక అత్తాకోడళ్ళ మాటలు నా చెవిన పడ్డాయి.

“ఇంత చిన్న డబ్బాలో మీ మామయ్య గొంతు పడుతుందంటావా? ఆయన కేకేస్తే వీధి చివరిదాకా వినపడేది!”

“పడుతుంది అత్తయ్యా. ఆ పాత ఫోన్ ఇవాళో రేపో పోయేట్టుంది. ఆయన పెట్టిన వాయిస్ మెసేజ్‌లన్నీ ఇందులోకి ఎక్కించేద్దాం.”

“మరి రెండెందుకే?”

“ఒకటి చెడిపోతే? పోయిన మనిషి మళ్ళీ మాట్లాడతారా? ఎలాగూ తగ్గించి ఇస్తున్నారు. ఒకటి మనింట్లో, ఒకటి వదిన వాళ్ళింట్లో ఉంచుదాం.”

“సరే గానీ, నిన్ను తిట్టినవి తీసెయ్యవే. ఉప్పెక్కువైందనీ, ఆలస్యమైందనీ ఎన్నేసి మాటలన్నాడు!”

“అవి తీసేస్తే ఇంకేం మిగుల్తాయి అత్తయ్యా?”

“నవ్వకు. నిజంగానే అంటున్నా.”

“నేనూ నిజంగానే అంటున్నా. తిట్టేముందు ‘అమ్మాయ్’ అని పిలిచేవారు చూడండి, అది నాక్కావాలి.”

అత్తగారు రెండో డబ్బా తనే తీసి కౌంటర్ మీద పెట్టింది.

ఆ కోడలికి దండం పెట్టాలనిపించింది నాకు. మీకూ అనిపిస్తే, మీకు తెలిసిన ఓ అత్తగారికో కోడలికో ఇది పంపండి.