జాన్ సాహెబ్ లెక్కపెట్టిన చొక్కాలు

ఏందే యాస్మిన్, పిల్లల్ని తీసుకుని హైదరాబాదు పోతన్నారంట? మీ అత్త చెప్పిందిలే. రా, కూచో, ఆ పీట లాక్కో. ఏమేం చూపిస్తావేంది? ఫోన్లో రాసుకున్నావా, చదువు, వింటా. ఊఁ. చేపల మ్యూజియం. ఊఁ. మాల్లో ఎగిరే ఆటలు. మంచు గది. మంచు గదేందే? లోపలికి పోతే చలి పుట్టుద్దా? మంచిదే, నరసరావుపేట ఎండల్లో పెరిగిన పిల్లలు చలంటే ఏందో చూడాల్సిందే. జూ, ప్లానిటోరియం, కోట, అన్నీ రెండు రోజుల్లోనా? అమ్మాయ్, నా మాట విను. రోజుకి ఒక్కటే చూపించు. పొద్దున్నే కడుపునిండా పెట్టి తీసుకుపో, మధ్యాన్నం పడుకోబెట్టు, సాయంత్రం ఊరికే రోడ్డు చూపించు. ఇది నా తెలివి గాదు, మీ పెదతాతది. జాన్ సాహెబన్న. మీ తాతకి అన్న. నువ్వు రెండో క్లాసులో ఉండగా పోయాడు, నీకేం గుర్తుంటది. ఇప్పుడు నువ్వు స్కూటీ పెట్టే చోటే ఆయన కుట్టు మిషను ఉండేది. మెళ్ళో టేపు ఎప్పుడూ తీసేవాడు గాదు. నిద్రలో కూడా ఎవరికో కొలతలు తీస్తాడని ఆయన భార్య జాహెదా వదిన ఎగతాళి చేసేది.

వాళ్ళకి పిల్లల్లేరు, నీకు తెలుసుగా. అందుకని ఈ బజార్లో పిల్లలందరూ వాళ్ళ పిల్లలే. అదేదో సినిమా మాటలాగా చెప్పటం లేదు, ఉన్నదే చెప్తన్నా. ప్రతి వేసంగి సెలవలకి పదిమందిని, పన్నెండు మందిని పోగేసుకుని హైదరాబాదు తీసుకుపోయేవాడు. అప్పట్లో మాకెవరికీ హైదరాబాదు తెలీదు. కోర్టు కేసు ఉన్నోడో, పెద్దాసుపత్రిలో పనున్నోడో పోయేది. పిల్లల్ని చూపించటానికి పోవటం ఏంది అని మా ఆయన నవ్వేవాడు. అదీ ఎంత ప్రయాణం. మాచర్ల మీద బస్సు, సాగర్‌లో ఆపితే అందరూ దిగి డ్యాము చూడటం, పులిహోర తినటం, మళ్ళీ ఎక్కటం. గౌలిగూడలో దిగేటప్పటికి సగంమంది కక్కుకుని ఉండేవాళ్ళు. యాకుత్‌పురాలో జాహెదా వదిన చెల్లెలుండేది, వాళ్ళింట్లో దిగేవాళ్ళు. వదిన పాపం ఊరేదీ చూసేది గాదు, ఆ ఇంట్లో కూచుని పదిమందికి వంట.

ఆయన పద్ధతి ఏందంటే, పోయేముందు ఒక తాను గుడ్డ తెచ్చి పిల్లలందరికీ ఒకటే చొక్కా కుట్టేవాడు. ఆడైనా మగైనా ఒకటే. కింద ఎవరి లాగు వాళ్ళది, ఎవరి లంగా వాళ్ళది, పైన మాత్రం ఒకటే చొక్కా. పిల్లలకి కొత్త చొక్కా అని సంబరం, ఆయనకి జనంలో కనిపెట్టుకోటానికి వీలు. ఎక్కడా కనపడని రంగు ఏరేవాడు. ఒక ఏడు గులాబీ మీద నల్లచుక్కలు, మగపిల్లలు మేం వేసుకోం అని ఏడిచారు. ఇంకో ఏడు పండిన నిమ్మకాయ రంగు. ఆ బారు బజారెంట పోతంటే కోళ్ళఫారంలో పిల్లల్ని వదిలినట్టుండేది. ఆయన చెయ్యెత్తి లెక్కపెట్టుకునేవాడు. రోడ్డు దాటకముందు ఒకసారి, దాటినాక ఒకసారి, బస్సెక్కేటప్పుడు, దిగేటప్పుడు. ఆయన లెక్క ఎప్పుడూ వీపులే. దర్జీవాడు గదా, ఎవర్నైనా వీపు చూసే గుర్తుపడతా అనేవాడు. మొహాలు మీరు చూసుకోండి, నాకు భుజాలు చాలు అని.

మా ప్రశాంతికి ఆరేళ్ళు వచ్చిన వేసంగిలో అది కూడా పోతానని కూచుంది. నాకు ఇష్టం లేదు. ఆరేళ్ళ పిల్ల, ఒక్కత్తే కూతురు. జాన్ సాహెబన్న వచ్చి, "చెల్లెమ్మా, నాతో పంపించు, నా టేపుకి కట్టేసుకుంటా" అన్నాడు. పంపించా. ఆ ఏడు పచ్చగళ్ళ గుడ్డ. చిలకలూరిపేటలో కొన్నాడు. కొట్టువాడు "సాహెబ్ గారూ, ఈ గళ్ళు ఈ రాష్ట్రంలో ఎవరి దగ్గరా లేవు, మీకే ఇస్తన్నా" అన్నాడంట. ఈయన నమ్మాడు. ముప్పై ఏళ్ళు గుడ్డ కోసినోడు, కొట్టువాడి మాట నమ్మాడు. నవ్వుతావేంది? నువ్వు నమ్మవా, లాస్ట్ పీసు మేడమ్ అంటే?

సరే, విను. మొదటిరోజు సాలార్‌జంగ్ మ్యూజియం. నీ లిస్టులో ఉందా అది? లేదా? అది రాసుకో ముందు. అందులో గడియారం ఉంది. గంట కాగానే తలుపు తెరుచుకుని ఒక బుల్లి మనిషి వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొడతాడు. అందుకని జనమంతా పన్నెండింటికి పోగవుతారు. పిల్లల్ని ముందు వరసలో కూచోబెట్టి, "వాడు వచ్చిందాకా ఎవరూ కదలగూడదు" అన్నాడు. పన్నెండైంది, వాడొచ్చాడు, కొట్టాడు, జనం లేచారు. లేచేసరికి చూస్తే అక్కడ ఒక స్కూలుంది. యాభై మంది. యాభై మందికీ పచ్చగళ్ళ చొక్కాలు. అదేదో పాలమూరు వైపు స్కూలంట, పరీక్షలైనాక తీసుకొచ్చారంట, అది వాళ్ళ యూనిఫారం. ఎవరి దగ్గరా లేవన్న గళ్ళు గదా. జాన్ సాహెబన్న ఆ గోలలోనే మనోళ్ళని బయటికి పిలిచి, గేటు దగ్గర నిలబెట్టి లెక్కపెట్టాడు. వీపులు. పదకొండు. తెచ్చింది పదకొండుమందిని, ఉన్నది పదకొండు. అల్లా దయ అనుకుని నడిపించాడు.

జూకి పోదామని డబుల్ డెక్కర్ ఎక్కించాడు. ఆ బస్సులు ఇప్పుడున్నాయో లేదో. పై అంతస్తులో పిల్లలందరూ ముందు సీట్లలో, ఈయన వెనక. రెండు స్టాపులు పోయినాక ముందు సీట్లో పిల్ల కాలరు చూశాడు. కాలరు మీద ఒక వరసే కుట్టుంది. ఆయన రెండు వరసలు వేసేవాడు, ఎవరు చెప్పినా ఒక్క వరస వేసేవాడు గాదు. "ఇది నా కుట్టు కాదే" అనుకున్నాడంట. ముందు కుట్టు చూశాడు, తర్వాత పిల్లని చూశాడు. "నువ్వెవరమ్మా?" అన్నాడు. ఆ పిల్ల ఏమందో తెలుసా, "నేను మా సారుతోని వచ్చిన. మీ పిల్లలు డబుల్ డెక్కర్ ఎక్కుతమన్నరు, మీతోని వచ్చిన" అంది. దానికి డబుల్ డెక్కర్ ఎక్కాలని ఉంది, ఎవరో చెయ్యి పట్టుకున్నారు, వచ్చేసింది. మరి మన పిల్లల్లో ఎవరు లేరు? అప్పుడు లేపి ఒక్కొక్క మొహం చూశాడు. ప్రశాంతి లేదు.

దిగాడు. పదకొండుమందిని ఎక్కడ వదులుతాడు, అందర్నీ చేతులు పట్టించి, చిన్నదాన్ని చంకనెత్తుకుని, ఆ ఎండలో ఆ జనంలో పరుగు. మిగతా పిల్లలకేం తెలుసు, పరుగు పందెం అనుకున్నారు. శ్రీహరి ఉన్నాడే, ఇప్పుడు మెడికల్ షాపు, వాడు ఇప్పటికీ చెప్తాడు, "జాన్ మామ ఏడుస్తా పరిగెత్తాడు, మేం నవ్వుతా పరిగెత్తాం" అని. గేటు దగ్గర ఆ స్కూలు సారు వాళ్ళ పిల్ల కోసం తలకొట్టుకుంటన్నాడు. పిల్లని అప్పజెప్పి లోపలికి పోయాడు. గడియారం ముందు హాలంతా ఖాళీ. మధ్యలో ఇది ఒక్కత్తే, బాసింపట్టు వేసుకుని కూచుని ఉంది. ఏడవలేదు, ఏం లేదు. వాడు వచ్చిందాకా కదలొద్దన్నారుగా, మళ్ళీ వస్తాడేమోనని కూచుంది. ఈయన్ని చూసి, "మామా, ఈసారి ఒక్కటే కొట్టాడు" అని ఫిర్యాదు చేసింది. ఒంటిగంట గదా. ఒక్కటేగా కొడతాడు.

ఊరికొచ్చిన రోజు సాయంత్రం నేను వసారాలో మిరపకాయలకి తొడిమలు తీస్తన్నా. బస్టాండు నుంచి ఇంటికి కూడా పోకుండా ముందు మా గుమ్మంలోకే వచ్చాడు. ప్రశాంతి చెయ్యి పట్టుకుని, వెనక జాహెదా వదిన టిఫిను క్యారియరుతో. చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. పిల్లకే తెలీదు అది తప్పిపోయిందని. "చెల్లెమ్మా, ఒక తప్పు జరిగింది" అని నిలబడే మొత్తం చెప్పాడు, ఇప్పుడు నేను నీకు చెప్పినట్టు, కొట్టువాడి మాట దగ్గర్నించి. పిల్లని దగ్గరికి తీసుకుందామంటే రెండు చేతులకీ మిరప మంట, ముట్టుకుంటే దాని కళ్ళు మండిపోతాయి. చేతులు అట్టా గాల్లో పెట్టుకుని కూచున్నా. చేతులు ఊరుకున్నాయి గానీ నోరు ఊరుకోలేదు. "కన్నోళ్ళయితే మొహాలు లెక్కపెట్టుకుంటారన్నా, గుడ్డలు కాదు" అన్నా.

ఆ స్కూలు సారు తిట్టలేదంట యాస్మిన్, ఈయన చెయ్యి పట్టుకుని దణ్ణం పెట్టాడంట. తిట్టింది నేను. అదీ ఏ మాట. వదిన క్యారియరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఆయన "నిజమేనమ్మా" అన్నాడు. అని, ప్రశాంతి చెయ్యి వదిలిపెట్టి ఇంటికి పోయాడు. మా ఆయన లోపల్నుంచి విన్నాడు. "అన్నావు, సరే. పోయి ఆ మాట వెనక్కి తీసుకో" అన్నాడు. చేతులు కడుక్కుని రేపు పోతాలే అన్నా.

పోలేదు. అంటే గొడవేం లేదు, మాటలు బాగానే ఉన్నాయి. నేను ఆవకాయ పంపిస్తే వాళ్ళు తిన్నారు, రంజాన్‌కి వాళ్ళు సేమ్యా పంపిస్తే మేం తిన్నాం. ఆ ఒక్క మాటే మధ్యలో ఉండిపోయింది. తర్వాత వేసంగికి పిల్లలు పోయి మిషను చుట్టూ మూగారు, ఈ ఏడు ఏం రంగు మామా అని. పెళ్ళిళ్ళ కుట్టుడు ఎక్కువగా ఉందిరా అన్నాడు. ఆ మరుసటి ఏడూ అదే. ఇంక అడగటం మానేశారు. మళ్ళీ ఎవర్నీ తీసుకుపోలేదు. కానీ ఒకటి మొదలుపెట్టాడు. ఈ బజార్లో ఏ పిల్లకి ఏది కుట్టినా మెడ లోపల, వీపు వైపు, తెల్లదారంతో పేరు కుట్టేవాడు. మిషను మీద కాదు, చేత్తో. ఎవరూ అడగలేదు, ఎందుకని ఆయనా చెప్పలేదు. నాకు తెలుసు. నీ గౌన్లకి కూడా ఉండేదే. గుర్తుందా? ఆఁ, అదే, మెడ దగ్గర గుచ్చుకునేది. అది ఆ ముడి. నువ్వు గోక్కుంటా తిరిగేదానివి.

ప్రశాంతి పెళ్ళికి పట్టు జాకెట్టు కూడా ఆయనే. అప్పటికి చూపు ఆనేది గాదు, వద్దులే అన్నా అంటే విన్లేదు. పెళ్ళినాడు పొద్దున అది జాకెట్టు తిరగేసి చూపించింది. లోపల, మెడ కింద, కొంచెం వంకరగా, ప్రశాంతి అని. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల, ఉద్యోగం చేసే పిల్ల. "చూడమ్మా, జాన్ మామ ఇంకా నేను తప్పిపోతాననుకుంటన్నాడు" అని నవ్వింది. ఆ పూట చెబుదామనుకున్నా. పందిట్లో భోజనాల దగ్గర ఆయన బంతి చివర కూచున్నాడు, ఆ రోజు కూడా మెళ్ళో టేపు. నేనే పెరుగు బొక్కెన తీసుకుని పోయా. ఎదురుగా నిలబడ్డా. తలెత్తి చూశాడు. "అన్నా, ఇంకొంచెం పెరుగు వేసుకో" అన్నా. "చాలు చెల్లెమ్మా" అన్నాడు. వేసేశా. ఆ చలికాలంలోనే పోయాడు.

ఏంది? చేతికి వాచీలు కొన్నావా? వాటిలో పిల్లలు ఎక్కడున్నారో ఫోన్లో కనపడుద్దా? మంచిదే. పెట్టు, వద్దన్లా. ఛార్జింగు అయిపోతే? పోనీలే, అదంతా నాకెందుకు. పన్నెండింటికి మాత్రం ఆ గడియారం ముందు కూచోబెట్టు. ఒంటిగంటకి గాదు, ఒక్కటే కొడతాడు, పిల్లలు చిన్నబుచ్చుకుంటారు.

ఊరికి వేసుకుపోయే బట్టలు ఏవో అవి తీసుకురా. నదీంవీ, నజీమావీ. పో, ఇప్పుడే తీసుకురా, కరెంటు ఉండగానే. ఇద్దరికీ మొదటి అక్షరం ఒకటే, 'న' కుట్టటం నాకు బాగా వచ్చు. ముడి పైకి రాకుండా వేస్తాలే. ఆ గూట్లో బిస్కెట్ల డబ్బా ఉంది చూడు, తెల్లదారం అందులోనే. సూదిలోకి మాత్రం నువ్వే ఎక్కించియ్యి, నాకు కనపడదు.