తడవని పర్ణశాల

అమలకు ఇరవై ఆరేళ్ళు. చాయ్ ఎప్పుడూ చల్లారాకే తాగుతుంది.

ఆ సాయంత్రం తార్నాకలో, పేరయ్య హోటల్ బల్ల మీద, ఆమె చాయ్ చల్లారి మీగడ కూడా కట్టింది. అయినా ముట్టుకోలేదు. ఎదురుగా నరహరన్న మాట్లాడుతున్నాడు. నరహరన్న మాట్లాడేటప్పుడు పక్కవాళ్ళు ఏదీ తాగలేరు, తినలేరు. ఆయన గుక్క తిప్పుకోవడానికి ముందు "ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అంటాడు. "ఏమైంది?" అనడానికి మనం నోరు ఖాళీగా ఉంచుకోవాలి.

నరహరన్నకు నలభై ఐదేళ్ళు. ఆయన పీహెచ్‌డీలో చేరిన రోజు చూసినవాళ్ళంతా రిటైరైపోయారు. క్యాంపస్‌లో ఏ కార్యక్రమం జరిగినా ఆయనే కన్వీనర్. ఆడవాళ్ళు నలుగురు చేరి ఒక పని చేస్తే చాలు, దానికొక మగ కన్వీనర్ ఎక్కడి నుంచో పుట్టుకొస్తాడు. పనంతా అయ్యాకే పుడతాడు కాబట్టి చొక్కా నలగదు.

వింటున్నది శైలజ. యూదుల సంస్కృతి మీద పనిచేసే కొత్త కళాకారులకు సాయం చేసే ఒక చిన్న ట్రస్టు మనిషి. ఆ ట్రస్టుది ఒకటే షరతు: కళాకారులు గదిలో ఒంటరిగా కూర్చుని బొమ్మలు వేసుకోకూడదు, చుట్టూ ఉన్న జనంతో కలిసి పని చెయ్యాలి. పోయినేడు ఆ సాయం అమలకు దొరికింది. ఈ ఏడు మళ్ళీ ఇవ్వాలా, ఇస్తే ఎవరి చేతికివ్వాలి అన్నది శైలజ ఇవాళ తేల్చుకుని పోతుంది.

అమల అమ్మమ్మది గుంటూరు వైపు. అక్కడ యూదుల ఆచారం పాటించే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్ళు శనివారం పొయ్యి వెలిగించరు. వానలు వెనకపట్టే రోజుల్లో పర్ణశాలల పండుగ చేస్తారు. బానిస చాకిరీ నుంచి బయటపడ్డ తమ పెద్దలు ఎడారిలో గుడిసెలేసుకుని బతికారని, అది గుర్తు పెట్టుకోవడానికి కొమ్మలతో పందిరి వేసి అందులో అన్నం తింటారు. అమల మాత్రం పుట్టిందీ పెరిగిందీ యూనివర్సిటీని ఆనుకున్న మాణికేశ్వర్ నగర్‌లోనే. ఆ బస్తీలో ఏ ఆడమనిషిని కదిపినా పట్నంలో మొదటి కాపురం గుడిసెలోనే అంటుంది. ఆ మాటే అమలకు పట్టుకుంది. ఈతచాపలు అల్లే లచ్చవ్వను, ఆమె జట్టు ఆడవాళ్ళను పోగేసింది. తాము మొదట తలదాచుకున్న గుడిసెను ఎవరికి వారే ఈతాకుతో చిన్నగా అల్లారు. క్యాంపస్ గ్రౌండులో పర్ణశాల వేసి, ఆ గుడిసెలన్నీ దాని కప్పుకు వేలాడదీశారు.

గ్రౌండుకు పర్మిషన్ మాత్రం నరహరన్న ఇప్పించాడు. ఈసారీ ఆయనే ఇప్పించాలి. అందుకే అమల మాట్లాడకుండా కూర్చుంది.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు మేడం," అన్నాడు నరహరన్న. "ముషీరాబాద్ పోయి నాలుగు వెదురు బొంగులు తెచ్చిన. గంతే. ఎవరైనా తెస్తరు. కాని స్కూటర్ మీద తెచ్చిన చూడున్రి, గదీ సంగతి."

"ఆటోల తెచ్చినం గద కొడుకా," అంది బల్ల చివర కూర్చున్న లచ్చవ్వ.

"అది రెండో ట్రిప్పు లచ్చవ్వా. మొదటి ట్రిప్పు నీకు తెల్వది. మేడం, ఆ బొంగులు ఎంత పొడుగంటే, ముందు కొస తార్నాక చౌరస్తాకొచ్చినా వెనక కొస ఇంక ముషీరాబాద్ దుకాణంల ఓనరు చేతులనే ఉన్నది. ఇంతల రెడ్ సిగ్నల్ పడ్డది. నేను ఆగిన, నా బొంగు ఆగలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అంది శైలజ మర్యాదగా.

"ట్రాఫిక్ పోలీసాయన ఉరికొచ్చిండు. చలాన్ రాస్తడేమో అనుకున్న. సెల్యూట్ కొట్టిండు! 'యూదుల పండుగకు పందిరి వేస్తున్న నరహరన్నవు నువ్వే గదా' అన్నడు. నాలుగు దిక్కులా బండ్లు ఆపిచ్చిండు. మెట్రో రైలు గూడ పైన ఆగింది."

"మెట్రో ఎందుకాగిందన్నా?" చాయ్ వడపోస్తూ అడిగాడు పేరయ్య.

"చూడనీకి! ఇగ గ్రౌండుల గుంతలు తవ్వాలె. మొత్తం రాతి నేల. కూలోళ్ళు గడ్డపారలు పడేసి పోయిన్రు. నేను ఒక్కణ్ణి దిగిన. ఒక్క పోటు పొడిస్తే నీళ్ళు ఎగజిమ్మినయ్. గిప్పటికి హాస్టల్ కు గవే నీళ్ళు."

"హాస్టల్‌ల నీళ్ళే వస్తలేవంట గదన్నా. పొద్దుగాల పోరగాళ్ళు గీడికొచ్చి మొకం కడుక్కుంటున్నరు."

"నువ్వు చాయ్ మీద నిగా పెట్టు పేరయ్యా, పొంగుతున్నది."

చాయ్ పొంగడం లేదు. అయినా పేరయ్య చూసి వచ్చాడు.

"ఇగ కమ్మలల్లే పని. బస్తీ ఆడోళ్ళకు పాపం ఏం తెలుసు మేడం? నేనే కూసోబెట్టి నేర్పిన. ఆకు ఇట్ల మలవాలె, ఇట్ల దూర్చాలె అని."

లచ్చవ్వ నలభై ఏళ్ళుగా చాపలు అల్లుతోంది. ఆమె తన చేతులు చూసుకుని, తర్వాత నరహరన్న చేతులు చూసింది. "ఏ చెయ్యితోని నేర్పినవు కొడుకా? గా ఉంగరాలున్న చెయ్యితోనా?"

"నోటితోని నేర్పిన లచ్చవ్వా."

"అట్ల చెప్పు."

"మా చెల్లె అమల గూడ చానా కష్టపడ్డది," అన్నాడు నరహరన్న, దయగా ఆమె వైపు చెయ్యి చాపి. "ఆకులకు రంగులు గింగులు అద్దింది. అందుకే నేననేది ఏందంటే మేడం, ఒక్కొక్క పిల్లకు విడివిడిగ ఇచ్చుడెందుకు? నా ఫోరం పేరు మీద పెట్టున్రి. పిల్లలకు చెప్పి చేయించుకునే బాధ్యత నాది."

అమలకు సంగతి అర్థమైంది. ఇది ఆయన ఫోరం చేతికి పోతే ఈసారి లచ్చవ్వ అల్లిన గుడిసె స్టేజీ అలంకరణ అవుతుంది. తను రంగులద్దే చెల్లె అవుతుంది. కాదని ఇప్పుడు నోరు తెరిస్తే గ్రౌండు పోతుంది. గ్రౌండు లేకపోతే పందిరి ఎక్కడ వెయ్యాలి? నెత్తి మీదా?

"ఇవన్నీ పక్కకు పెట్టున్రి," నరహరన్న బల్ల మీద కొట్టాడు. "నా అసలు పనితనం పైకప్పు. పండుగ నాడు వాన మొదలైంది. మామూలు వానా అది? తార్నాక మొత్తం తెల్లగైపోయింది. కాని మేడం, నేను తాటి కమ్మలు మూడు వరసలు కప్పి, కింద తార్పాలిన్ కట్టిన. ఒక్క బొట్టు, ఒక్కటంటే ఒక్క బొట్టు లోపల పడితే అడుగున్రి!"

శైలజ చాయ్‌లో ముంచిన బిస్కెట్టు ముంచినట్టే ఉండిపోయింది. సగం తెగి గ్లాసులో పడింది.

పర్ణశాల కప్పుకు సందులుండాలి. ఆకుల మధ్య నుంచి రాత్రిపూట నక్షత్రాలు కనబడాలి, గట్టి వానొస్తే లోపలికి రావాలి. కప్పుకు తార్పాలిన్ కడితే అది పర్ణశాలే కాదు. ఆ ట్రస్టులో పనిచేసే శైలజకు ఇది తెలుసు. లచ్చవ్వకైతే ఇంకా బాగా తెలుసు. ఆమె అలవాటుకొద్దీ దగ్గర దగ్గరగా అల్లినప్పుడల్లా అమల అమ్మమ్మ వచ్చి "సందు పెట్టమ్మా, సందు పెట్టు" అని ఆకులు పీకేసేది. "గింత పనితనం పెట్టుకోని కారే కప్పు అల్లాల్నా?" అని లచ్చవ్వ రెండు రోజులు అలిగింది కూడా.

ఇప్పుడు లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఒక్క బొట్టు గూడ పడలేదా కొడుకా?" అంది.

"పడితే నా పేరు మార్చుకుంట!"

"అబ్బ! ఆ తర్వాత ఏమైంది?"

తన మాట ఇంకొకరి నోట వినగానే నరహరన్న ఉప్పొంగిపోయాడు. "ఏమైందా? గోల్నాక దిక్కు మూసీ పొంగింది. పొంగి, పొంగి, క్యాంపస్ దాక వచ్చింది. మాణికేశ్వర్ నగర్ మొత్తం ఉరికొచ్చి నా పందిట్ల దూరింది. పిల్లా జెల్లా, మేకలు, కోళ్ళు, ఒక ఆటో."

"పదిమంది పట్టే పందిట్లనా?" అన్నాడు పేరయ్య.

"నేను బొంగులు జరుపుకుంట పోయిన. పందిరి పెరుగుకుంట పోయింది. ఒక మూల బొంగు విరిగితే గా మూలకు నేనే నిలబడ్డ, పొద్దుగూకేదాక, నెత్తి మీద మోసుకుంట. ఇగ పైన నీళ్ళు. కింద కారనిస్తలేను గద, ఏడికి పోవాలె? పందిరి మీదనే నిలిచినయ్. చెరువైంది. కొర్రమీనులు పడ్డయ్ మేడం! లచ్చవ్వ గాల్నే పులుసు పెట్టింది."

"నేనా?"

"మర్చిపోయినవ్. ఉప్పు జర ఎక్కువైంది."

"అయ్యుంటది బిడ్డా. పందిరి మీది చేపలు నాకు అలవాటు లేదు."

"తెల్లారి విదేశాల నుంచి ఫోన్లు. 'నరహరీ, మావాళ్ళు ఎన్ని వందల ఏండ్ల సంది ఈ పందిర్లు వేస్తున్నరో, ఇసొంటి కప్పు ఎవ్వలూ వెయ్యలే' అని!"

"అది మాత్రం నిజమే అయ్యుంటుంది," అంది శైలజ నెమ్మదిగా. "నరహరి గారూ, వాన కురిసినంతసేపూ మీరు లోపలే ఉన్నారా?"

"మొదటి నుంచి ఆఖరి దాక!"

శైలజ గ్లాసు పక్కకు జరిపింది. "అమలా, నువ్వు చెప్పు. ఆ రోజు ఇట్లాగే జరిగిందా?"

నరహరన్న నవ్వుతూనే అమల వైపు చూశాడు. ఆ నవ్వులో గ్రౌండు ఉంది. అమలకు అది స్పష్టంగా కనబడింది. ఆ రోజు కురిసిన వాన కూడా కనబడింది. అమ్మమ్మ పక్క బిల్డింగులోకి పొండమ్మా అని అరవడం, ఎవ్వరూ కదలకపోవడం, పళ్ళేల్లో అన్నం ఈదుతుంటే లచ్చవ్వ పగలబడి నవ్వడం, పైన ఆకు గుడిసెలన్నీ నీళ్ళు కారుతూ ఊగడం.

"లేదు మేడం," అంది. "లోపలున్నోళ్ళందరం ముద్ద ముద్దగ తడిసినం. నరహరన్న ఒక్కడే తడవలే."

లచ్చవ్వ కొంగు వదిలేసి నవ్వింది. "గా కప్పు కారాలె కొడుకా! కారుడే గా పండుగ! గందుకే గద నా అల్లిక పీకిపిచ్చిన్రు. నువ్వు ఏ పందిట్ల నిలబడ్డవో, మా చీరలైతే మూడు రోజులు ఆరలే!"

నరహరన్న చొక్కా కాలర్ సర్దుకున్నాడు. "అంటే... నేను చెప్పింది ఈసారి ప్లాను మేడం."

"మరి ఈసారి కొర్రమీనులకు గూడ నువ్వే పర్మిషన్ ఇప్పిస్తవా అన్నా?" అన్నాడు పేరయ్య.

నరహరన్న కూడా నవ్వేశాడు, మంచి మనిషే. పోతూ పోతూ మాత్రం, "గ్రౌండ్ సంగతి ఈసారి జర కష్టమే చెల్లె," అన్నాడు.

"సరే అన్నా," అంది అమల.

ట్రస్టు సాయం అమలకూ, లచ్చవ్వకూ, అల్లిన ఆడవాళ్ళందరికీ కలిపి వచ్చింది. గ్రౌండు రాలేదు. ఆ ఏడు అమల పర్ణశాలను మాణికేశ్వర్ నగర్‌లో లచ్చవ్వ మిద్దె మీద వేసింది.