ఎర్రనీళ్ల గుండె

ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు. అబ్బో, గుండె కొట్టుకుంటోందే! వేలు పెడితే తిరుగుతోంది కూడానూ. ఇది చూపించి పాఠం చెబుతావా రేపు? బానే ఉందమ్మాయ్. మా బొమ్మల మాస్టారు చూసుంటే దీని ముందు నుంచి లేచేవారు కాదు. ఎవరా? నేను బళ్ళో ల్యాబు అటెండరుగా చేసినప్పటి సైన్సు మాస్టారు. పోయి చాలా ఏళ్లయిందిలే. ఆయనకి ఏ పాఠమైనా బొమ్మ చేసి చూపించాల్సిందే. మా హెడ్మాస్టరు 'ఏమండీ, బడా ఇది, పాత సామాన్ల కొట్టా?' అని విసుక్కునేవాడు. మాస్టారి భార్యేమో 'ఇంట్లో ఒక్క గిన్నెకీ మూత లేదయ్యా, అన్నీ గ్రహాలైపోయాయి' అని నా దగ్గర మొత్తుకునేది పాపం. ఏం చెబుతున్నాను? ఆఁ, ఆయన చేసిన గుండె.

రెండు ఫుట్‌బాల్ బ్లాడర్లు, సెలైను గొట్టాలు, కవాటాలకి సైకిలు ట్యూబు ముక్కలు. అన్నీ ఓ చెక్కకి బిగించాం. ఆయన చెక్క వెనక నిలబడి రబ్బరు బంతి నొక్కుతుంటే ఒక పక్క నీలం నీళ్లు, ఇంకో పక్క ఎర్రనీళ్లు బుడబుడమని పరిగెత్తేవి. 'నా మాట నమ్మొద్దు, పుస్తకం మాటా నమ్మొద్దు, కళ్లతో చూసిందే రాయండి' అనేవారు. ముందు వైపు చీటీలు అంటించింది మాత్రం నేను. నా రాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకిచ్చేవారు. ఎదురుగా నిలబడి, నా ఎడం చేతి వైపు 'ఎడమ' అనీ, కుడి చేతి వైపు 'కుడి' అనీ అంటించేశాను. గుండె మనకి ఎదురుగా ఉంటే దాని ఎడమ మన కుడి కదూ! నా మొద్దు బుర్రకి తట్టలేదు. ఆయనెప్పుడూ వెనకే నిలబడేవారాయె, చీటీలు చూడనే లేదు.

ఇంకేముంది, పెద్దపరీక్షలో ముప్ఫై ఎనిమిది మందీ మంచిరక్తం కుడి వైపు, చెడ్డరక్తం ఎడమ వైపు అని రాసొచ్చారు. అందరిదీ ఒకటే తప్పు. మూకుమ్మడిగా కాపీ కొట్టారని ఫలితాలు ఆపేశారు. నర్సు శిక్షణలో సీటొచ్చిన పిల్ల ఒకతి ఉండేది, వారంలో చేరకపోతే ఆ సీటు పోతుంది. స్టాఫ్‌రూం గుమ్మంలో కూచుని 'నేను చూసిందే రాశాను మాస్టారూ' అంటుంది. మళ్లీ అదే అంటుంది. ఏడవదు కూడానూ. అప్పుడు ఆయన మొదటిసారి చెక్క ముందుకొచ్చి నిలబడ్డారు. చీటీలు చూశారు, నన్ను చూశారు.

మర్నాడు పొద్దున్నే గుండెని దుప్పట్లో చుట్టి, ఓ కొస నన్ను పట్టుకోమని బస్సెక్కించారు. పరీక్షల ఆఫీసులో బల్ల మీద నిలబెట్టి నీళ్లు పోశాక నన్ను బయట ఉండమన్నారు. తలుపు ఓరగా ఉంది. బంతి నొక్కిన చప్పుడు వినబడుతోంది. 'పిల్లలు కాపీ కొట్టలేదండీ, దీన్ని చూసి రాశారు. తప్పు నాది' అంటున్నారు. లోపలున్న ఆఫీసరు లేచినట్టున్నాడు, కుర్చీ కిర్రుమంది. 'ఈ చీటీల మీద రాత ఎవరిది?' అన్నాడు గట్టిగా. 'నాదేనండీ' అన్నారు మాస్టారు. తడుముకోలేదమ్మాయ్, కాస్తయినా తడుముకోలేదు.

పిల్లల ఫలితాలు వదిలారు. ఆ పిల్ల సీటు దక్కింది. ఈయన్ని మాత్రం ఇక పాఠం చెప్పనివ్వలేదు. రికార్డుల గదిలో పడేశారు, రిటైరయ్యేదాకా, తొమ్మిదేళ్లు! నాకప్పటికి ఉద్యోగం పర్మనెంటు కాలేదు, ఇంట్లో ఇద్దరు చంటిపిల్లలు. తలుపు దగ్గర్నుంచి ఆ బల్ల దాకా నాలుగడుగులుంటాయేమో. వెయ్యలేకపోయాను. ఆ తొమ్మిదేళ్లూ రోజూ సాయంత్రం ఆయనకి టీ నేనే పట్టుకెళ్లేవాణ్ణి. గ్లాసు అందుకుని 'ఇప్పుడు ఏ పాఠం నడుస్తోందయ్యా క్లాసులో?' అని అడిగేవారు. ఫలానా పాఠమండీ అని చెప్పేవాణ్ణి. కాసేపు చేతులు గాల్లో తిప్పుతూ, దానికి బొమ్మ ఎలా చెయ్యాలో నాకు చెప్పేవారు. ఊఁ కొట్టి, ఖాళీ గ్లాసు పట్టుకుని వచ్చేసేవాణ్ణి.

ఆఁ? ఏం లేదులే. కాసిని మంచినీళ్లియ్యి.