ఆ చేతికి ఒక పేరుంది

ఒకినావాలో ఒక శాంతి మ్యూజియం, వెనక గది. గొంతు పోతున్న మకతో అనే బామ్మ తన యుద్ధకాలపు కథను, రేపటి నుంచి తన బదులు చెప్పబోయే చిహారుకు మాట మాటా నేర్పుతోంది.

"మళ్ళీ మింగావు."

"ఏం మింగాను బామ్మా?"

"పేరు. 'ఒకాయన నా ఒళ్ళోంచి తమ్ముణ్ణి ఎత్తుకుని నోరు మూశాడు' అన్నావు. ఒకాయనేంటి ఒకాయన! వాడికి అమ్మానాన్నా పేరు పెట్టలేదా?"

"పెట్టారు. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. గుహ దగ్గర్నుంచి చెప్పు."

"అమ్మ నీళ్ళకోసం గుహ బయటికి వెళ్ళింది. నాకు తొమ్మిదేళ్ళు. తమ్ముడు ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. పైన అమెరికా సైనికుల బూట్ల చప్పుడు. అప్పుడు... అప్పుడు ఒక..."

"ఊఁ. ఒక?"

"బామ్మా, రేపు వచ్చేది బడిపిల్లలు. పేరు లేకపోతే కథకి ఏం తక్కువ?"

"నా తమ్ముడు తక్కువ."

"గోడమీద చూడండి, 'పగ వద్దు' అని అంతంత అక్షరాలు..."

"రాసినవాళ్ళ తమ్ముడు పోలేదుగా. అందుకే అంత అందంగా రాశారు."

"ఆయన అలా చెయ్యకపోతే గుహలో ఎవ్వరూ మిగిలేవాళ్ళు కాదేమో. మీరు కూడా..."

"ఏమో! ఆ 'ఏమో' ఎవరు నేర్పారే నీకు? నేను నేర్పలేదు. ఏడుపు ఆగాక కూడా చెయ్యి తియ్యలేదు వాడు. నేను కొరికినా తియ్యలేదు. అది చెప్పు."

"చెప్తాను. అదంతా చెప్తాను."

"మొన్న వాడికి తొంభై ఏడో ఏటి పండగ చేశారు. మన ఆనవాయితీ ప్రకారం కాగితం గాలిమరలు పట్టుకుని టాపులేని కారులో ఊరేగించారు. వాడి చెయ్యి తాకితే ఆయుష్షట, ఎగబడ్డారు జనం. నన్ను చూసి కారు ఆపించి మరీ చెయ్యి ఇచ్చాడు. అదే చెయ్యి, చిహారూ. నవ్వుతూ ఇచ్చాడు."

"మీరు... పట్టుకున్నారా?"

"వాడి పక్కన కూచుని గొడుగు పట్టింది నువ్వేగా. నన్నడుగుతావేం?"

"బామ్మా..."

"ఉలిక్కిపడకు. మీ అమ్మ వాడి కూతురని, గిమా వాళ్ళ ఆడపిల్లని ఊళ్ళో ఎవరికి తెలీదు? ఈ పనికి నీకంటే మంచి గొంతున్నవాళ్ళు వచ్చారు. అందర్నీ కాదన్నాను."

"ఎందుకు?"

"పరాయివాళ్ళు చెబితే నింద అంటారు. నేను పోయాక కూడా వాడి పేరు వాడి మనవరాలి నోటితోనే రావాలి. రోజూ రావాలి."

"అంటే ఇదంతా పగేనా? శాంతి మ్యూజియంలో కూర్చుని?"

"పగే. మరెక్కడ కూర్చోమంటావు? పోలీసుల దగ్గరా? ఎవడు విన్నాడు నా గోడు?"

"నేనూ తెలిసే వచ్చాను బామ్మా. మా ఇంటి పాపం కాస్తయినా కడుక్కుందామని. కానీ పేరే నోట రావట్లేదు. నన్ను ఎత్తుకుని పెంచాడాయన."

"నా తమ్ముణ్ణీ ఎత్తుకున్నాడు."

"చాలు!"

"చాలదు. గిమా సైతోకు. పలుకు. పలకవే!"

"ఆయనకిప్పుడు ఎవరూ గుర్తులేరు. మొన్న చెయ్యిచ్చింది మీకని కూడా తెలీదు, నేనూ గుర్తులేను. చీకటి పడితే మాత్రం ఒక్కటే అడుగుతాడు."

"ఏమని?"

"'పిల్లాడు ఏడుపు ఆపాడా?' అని. చెవులు మూసుకుని అడుగుతాడు."

"నువ్వేమంటావు?"

"ఆపాడు తాతయ్యా, నిద్రపోయాడు, అంటాను. అప్పుడుగానీ పడుకోడు."

"రోజూనా?"

"రోజూ."

"సరే. పేరు వద్దులే. రేపు ఒకాయన అనే చెప్పు."

"నిజంగానా బామ్మా? మీ కాళ్ళకి..."

"ఆగు. దణ్ణాలు తర్వాత. ఇవాళ చీకటి పడ్డాక అడుగుతాడుగా, ఇంకా ఏడుస్తూనే ఉన్నాడని చెప్పు."