శుక్రవారం ఆరాధనకు ఎవరి పాట

అది 1983, అబుదాబి. ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చిన ఆమె మంచం మీద కూలబడింది. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో పాటల జట్టును నడిపేది ఆమే. అక్కడ సెలవు శుక్రవారమే, ఆరాధనా ఆ రోజే. దానికి కొత్త పాట ఎంచాలి. ఒకటి భర్త కట్టింది, రెండోది జకరయ్య కట్టింది. ఒకప్పుడు కాకినాడలో ఇద్దరిదీ ఒకే రాక్ బ్యాండు. ఇప్పుడు మాటల్లేవు.

“ఎవరిది తీసుకున్నావు?” అడిగాడు భర్త.

“కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి.”

“అంటే నాది కాదన్నమాట.”

“పనితనం మీ పాటలోనే ఉందండీ. అలా గిటారు వాయించడం జకరయ్య గారి వల్ల కాదు.”

“వాడికి శ్రుతి చేసుకోవడమే రాదు. బ్యాండులో నేనే చేసిపెట్టేవాణ్ణి.”

“నిజమే. కానీ మొన్న సంఘంలో వినిపిస్తే మీ పాటను అందరూ కూర్చుని విన్నారు. ఆయన పాటను రెండో చరణానికే ఎప్పుడూ పాడని ముసఫ్ఫా గ్యారేజీల మెకానిక్కులు కూడా అందుకున్నారు.”

“నువ్వూ పాడావా?”

“పాడాను. నాకు తెలియకుండానే.”



“సాధన చేసింది నేను. దేవుడు ఆ వరం వాడికెందుకిచ్చాడంటావు?”

“రోజంతా బెడ్‌పాన్లు మోసి వచ్చినదాన్ని, నన్నడిగితే ఏం చెప్పను?”

“శుక్రవారం వాడి పాటకు వాయించేదెవరు?”

“ఎవరూ లేరు. చప్పట్లే.”

“చప్పట్లా! వాడు పల్లవి మరీ పైన ఎత్తుకుంటాడు. ఆడవాళ్ల గొంతులు పోతాయి.” ఆయన గోడకున్న గిటారు దించాడు. “ఏదీ, పాడు.”

“వాయిస్తారా? ఆయనతో మాట్లాడాల్సి వస్తుందండీ.”

“మాట్లాడతానని ఎవరన్నారు? వాయిస్తానంటున్నాను. ఎత్తుకో.”