వెనక నడిచిన గడియారం

ఆసుపత్రి మెట్ల మలుపులో, అక్కడ కంప్యూటర్లు చూసే తమ్ముడు, నర్సుగా పనిచేసే అక్కకు అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, ఏడో మంచం పెద్దావిడ బెల్లు కొట్టిన ఎంతసేపటికి వెళ్లావు?"

"రెండు నిమిషాలకి. నేను చేరిన టైము కంప్యూటర్లో కొట్టానుగా."

"ఆ కంప్యూటరే ఎనిమిది నిమిషాలు వెనక నడిచింది. బెల్లు కొట్టిన టైము నమోదు చేసే గడియారం సరిగ్గానే ఉంది. అంటే నువ్వెళ్లింది పది నిమిషాలకి. ఆలోపే ఆవిడ పోయింది."

"రెండే అనుకోరా. తవ్వకు."

"ఎలా అనుకోను? అన్ని కంప్యూటర్లనీ నెట్‌లో ఉండే అసలు టైముతో కలిపే సాఫ్ట్‌వేర్ నా చేతిలోనే ఉంది. అది మొరాయిస్తే, మొన్న మధ్యాహ్నమంతా వార్డు వార్డుకీ ఫోన్ చేసి కుస్తీ పట్టి, సాయంత్రానికి సరిచేశాను. రేపు విచారణలో నన్నే అడుగుతారు. తోడబుట్టినదానివని అబద్ధం చెప్పమంటావా?"

"చెప్పమనలేదు. వదిలెయ్యమన్నాను."

"బెల్లు వినపడలేదా?"

"వినపడింది."

"మరి అంతసేపూ ఏం చేస్తున్నావక్కా?"

"ఫోన్లో ఉన్నాను."

"అవతల మనిషి ప్రాణం పోతుంటే ఫోన్లో కబుర్లా! ఎవరితో?"

అక్క మెట్ల కమ్మీ పట్టుకుంది.

"నీతోరా. టైము కలుపుతున్నా, నేను చెప్పినప్పుడల్లా మీట నొక్కు, సీట్లోంచి లేవకు అన్నావు. బెల్లు మోగుతోందిరా, వెళ్లాలి అన్నాను."

"నేనేమన్నాను?"

"ఒక్క నిమిషం అక్కా, అన్నావు."