గని దిబ్బ మైదానమైన వైనం

"టీ కాస్త చిక్కగా పెట్టమ్మా, చెబుతాను. ఇప్పుడు పిల్లలు బంతాట ఆడుతున్నారే, ఆ మైదానం ఒకప్పుడు గని దిబ్బ. రాయిని పిండి చేసి, లోహం తీసుకుని, మిగిలిన బురదంతా అక్కడే పారబోసి కంపెనీ వాళ్లు చక్కా పోయారు. వాన పడిందంటే వాగు తుప్పు రంగుకి తిరిగేది. ఆ నీళ్లలో ఉతికితే మా ఆవిడ తెల్లచీర కాస్తా ఇటుక రంగైంది. అప్పుడు ఆ దిబ్బని చదును చేయడానికి బుల్డోజర్ ఎక్కిందెవరు? నేనే!"

"అది నిజమేలే బాబాయ్," అన్నాడు సైకిల్ మెకానిక్.

"నిజం కాకపోతే నాకేం పనిరా? ముందు సున్నం కలపాలి, ఆ మట్టిలో యాసిడ్ విరగాలిగా. నెల పడుతుందన్నాడు ఇంజనీరు. నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లిపోయాను, పని ముగించేసి! సున్నం ఎంత లేచిందంటే పక్కూరి కాకులన్నీ కొంగలైపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైన కప్పడానికి మంచి మట్టి చాల్లేదు. వెనక కొండ ఉందిగా, దాన్నే బ్లేడుతో కాస్త ఇటు జరిపాను."

"కొండనా?" మేస్టారు పేపరు పక్కన పెట్టారు.

"అబద్ధమెందుకు మేస్టారూ, సగమే. అప్పట్నించీ మా ఇంటికి ఎండ తొందరగా వస్తోంది, కావాలంటే వచ్చి చూసుకోండి. ఇక గడ్డి విత్తనం చల్లానా, చెయ్యి వెనక్కి తీసేలోపే మొలిచి వేళ్లకి చుట్టుకుంది! వాగు ఎంత తేటపడిందంటే, నీళ్లున్నాయో లేవో తెలీక చేపలు కంగారుపడి గట్టెక్కేశాయి. ఒక్కొక్కదాన్నీ బుజ్జగించి లోపలికి పంపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

టీ కొట్టు ఆవిడ గ్లాసు ఆయన ముందు పెట్టింది.

"గడ్డి సంగతి నేను చెప్పనా బాబాయ్? మా ఆడవాళ్లం నడుములు పడిపోయేలా నాటాం. అది కాస్త పచ్చబడిందో లేదో, నీ మేకలు కంచె దూరి మొదలంటా మేసేశాయి. తర్వాతి వానకి మట్టి కొట్టుకుపోయి వాగు మళ్లీ ఎర్రబడింది. మంచినీళ్లకి మళ్లీ దూరం నుంచి బిందెలు మోశాం. గడ్డి మళ్లీ నాటాం. ఆ పూట నువ్వెక్కడున్నావ్?"

బాబాయ్ టీ ఊదుకున్నాడు.

"గడ్డిలో విషముందో లేదో తేలాలి కదమ్మా," అన్నాడు చివరికి. "అందుకే మేకలతో పరీక్ష చేయించాను."

"ఎప్పుడో తేలింది బాబాయ్. మరి పొద్దుట్నించీ అవి మైదానంలో ఏం చేస్తున్నట్టు?"

బాబాయ్ గ్లాసు అక్కడే వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు.